ఉన్నచోటే తొక్కితే ఎక్కడికి పోతావంటే...

‘గానుగెద్దులా ఉన్నచోటే తిరిగితే ఎక్కడికి పోతావురా?’ సైకిల్‌ని ఇంట్లో స్టాండుకి బిగించి తొక్కేవాళ్లకు మన వైపు ఎదురయ్యే మొదటి ప్రశ్న ఇది. రెండు కాళ్లూ బాగున్న కుర్రాడు తొక్కితే ‘ఒళ్లు తగ్గడానికిలే’ అని సరిపెట్టుకుంటారు. అదే కాలు సరిగా లేనివాడో, నడకలో తూలేవాడో మూడు చక్రాల బండి మీద కూర్చుని గంటసేపు చెమటోడిస్తే ఇంటిల్లిపాదికీ జాలి. ‘ఎందుకు నాన్నా ఈ కష్టం, పరీక్షలకు చదువుకోరాదూ!’ అంటారు. ఆ జాలి మీద నాకు అభ్యంతరం ఉంది. మన పల్లెటూళ్లలో వైకల్యం ఉన్న యువతకు ఆ కదలని బండి కాలక్షేపం కాదు, క్రీడల్లోకి వెళ్లడానికి ఓ దారి.

ముందు ఆ బండి సంగతి చూద్దాం. పేరు రికంబెంట్ ట్రైక్. పడక్కుర్చీలో వాలినట్టు వెనక్కి ఆనుకుని, కాళ్లు ముందుకు చాపి తొక్కే మూడు చక్రాల సైకిల్. ఎక్కువ మోడళ్లలో ముందు రెండు చక్రాలు, వెనక ఒకటి. పెడల్స్ అందరికన్నా ముందు, ఓ గొట్టం చివర ఉంటాయి. కాళ్ల పొడవును బట్టి ఆ గొట్టాన్ని జరుపుకోవచ్చు. బండి తనంతట తనే నిలబడుతుంది కాబట్టి బ్యాలెన్స్ బెంగ లేదు. సెరిబ్రల్ పాల్సీ ఉన్నవాళ్లు, పక్షవాతం నుంచి కోలుకుంటున్నవాళ్లు, నడుమునొప్పితో మామూలు సీటు మీద కూర్చోలేనివాళ్లు దీన్ని ఇష్టపడేది అందుకే. మన ఊళ్లలో కనిపించే చేత్తో తిప్పే మూడు చక్రాల బండికి ఇది దూరపు చుట్టం అనుకోండి.

ఇలాంటి బండి ఉంటే హాయిగా రోడ్డెక్కక ఇంట్లో బిగించుకోవడమెందుకు? గుంటూరు, పల్నాడు, ప్రకాశం రోడ్ల మీద ఏడాది ఎలా గడుస్తుందో ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి. వానాకాలంలో నల్లరేగడి టైర్లకు పట్టుకుంటే ట్రాక్టరే దిగబడుతుంది, నేలకు జానెడు ఎత్తులో ఉన్న ట్రైక్ ఎంత? దసరా దాటితే జిన్నింగ్ మిల్లులకు పత్తి బండ్లు బారులు తీరతాయి. లోడు రోడ్డుకి రెండు పక్కలా పొంగి ఉంటుంది. సంక్రాంతి తర్వాత మిర్చి వంతు. నరసరావుపేట వైపు నుంచీ చిలకలూరిపేట వైపు నుంచీ టిక్కీలతో నిండిన లారీలు గుంటూరు యార్డుకు తెల్లవార్లూ నడుస్తూనే ఉంటాయి. కల్లాల పక్కగా పోతే ఘాటుకి తుమ్ములు, కళ్లమంటలు. గట్టిగా ఊపిరి తీసి తొక్కాల్సినవాడికి ఆ గాలి ఏం పనికొస్తుంది? ఇక ఎండాకాలం గురించి రెంటచింతల పేరు చెబితే చాలు.

అన్నిటికన్నా ముఖ్యం ఎత్తు. వాలి కూర్చున్న మనిషి తల లారీ బంపరు దగ్గరే ఆగిపోతుంది. డ్రైవరు కళ్లకు ఆనడు. ఇటలీ రేసింగ్ డ్రైవర్ అలెక్స్ జనార్డి 2001లో కారు ప్రమాదంలో రెండు కాళ్లూ పోగొట్టుకున్నాక చేతులతో తొక్కే హ్యాండ్‌బైక్ పట్టి లండన్, రియో పారాలింపిక్స్‌లో నాలుగు స్వర్ణాలు గెలిచాడు. అంతటివాడూ 2020 జూన్‌లో రోడ్డు మీద హ్యాండ్‌బైక్ తొక్కుతూ ట్రక్కును ఢీకొని తలకు తీవ్ర గాయాల పాలయ్యాడు. నైపుణ్యం లేక కాదు. రోడ్డు అందరిదీ, అందులో కింద ఉన్నవాడికి ముప్పు ఎక్కువ.

కాబట్టి ఇంట్లోనే. ఇండోర్ ట్రైనర్లలో రెండు రకాలు. ఒకదాంట్లో వెనక చక్రం అలాగే ఉంటుంది, టైరుకు ఓ రోలర్ ఆనుకుని బరువు పెడుతుంది. రెండోదాంట్లో వెనక చక్రం తీసేసి, బండిని నేరుగా ట్రైనర్‌కే బిగించి, గొలుసును దాని పళ్ల చక్రం మీద వేస్తారు. ట్రైక్ పక్కకు పడదు కనుక మామూలు సైకిల్ కన్నా దీన్ని బిగించడం తేలికే. చిక్కులు వేరే చోట ఉన్నాయి. చాలా ట్రైక్‌లకు వెనక చక్రం 20 అంగుళాలది. రోలర్ ట్రైనర్లు ఎక్కువగా 26 అంగుళాలు, ఆపై చక్రాల కోసం చేసినవి. కొనేముందు ఈ ఒక్క కొలత అడగకపోతే డబ్బు బూడిదలో పోసిన పన్నీరే. ఇరుసు ఏ రకమో కూడా చూడాలి, కొన్నిటికి అడాప్టర్ కావాలి. ట్రైనర్ మీద వెనక భాగం లేస్తుంది, మనిషి ముందుకు జారినట్టవుతుంది. అంత ఎత్తు చెక్క దిమ్మలు ముందు రెండు చక్రాల కింద పెట్టి, బ్రేకు బిగించి, అప్పుడు ఎక్కాలి. కాళ్లు గుండెకు దాదాపు సమాన ఎత్తులో ఉంటాయి గనుక కొందరికి పాదాలు తిమ్మిరెక్కుతాయి. పాదాన్ని పెడల్‌కి పట్టీతో కట్టేటప్పుడు మరీ బిగించకండి. పాదంలో స్పర్శ తక్కువగా ఉన్నవాళ్లయితే దిగాక ఎవరిచేతనైనా చూపించుకోవాలి.

ఇంట్లో ఎండ తగలదు గదా అనుకుంటే పొరపాటు. మనిషి ఒళ్లు మంచి ఇంజనేమీ కాదు. ఖర్చు పెట్టిన శక్తిలో నాలుగో వంతో అంతకన్నా తక్కువో పెడల్‌కి చేరుతుంది, మిగతాదంతా వేడే. పెడల్ మీద 100 వాట్లు తీస్తున్నారంటే ఒంట్లో 300 వాట్లకు పైగా వేడి పుడుతున్నట్టు. పాతకాలపు 60 వాట్ల బల్బులు ఐదారు ఒంట్లో వెలిగించుకున్నట్టన్నమాట. రోడ్డు మీద ఎదురుగాలి ఆ వేడిని లాక్కుపోతుంది. గదిలో ఆ గాలి లేదు. పైగా రేకుల ఇల్లయితే మధ్యాహ్నం పొయ్యే. బయట 44 డిగ్రీలున్నప్పుడు ఫ్యాను తోసేది ఒంటికన్నా వేడిగా ఉన్న గాలిని. అప్పుడు చల్లబరిచేది ఒక్క చెమట ఆరడమే. పల్నాడు పొడి గాలిలో చెమట తొందరగా ఆరుతుంది, అందుకే నీళ్లు పోతున్న సంగతి తెలియదు. చీరాల, బాపట్ల ఉక్కలో చెమట ఆరనే ఆరదు, అందుకే అక్కడ డిగ్రీలు తక్కువున్నా ఒళ్లు ఎక్కువ కాగుతుంది. రెండు చోట్లా తెల్లవారుజాము నాలుగున్నర, ఐదు గంటల వేళే మంచిది. ఎదురుగా స్టాండు ఫ్యాను, పక్కన ఉప్పేసిన మజ్జిగ ఉండాలి.

ఇక్కడ ఓ మాట గట్టిగా చెప్పాలి. మెడ దగ్గరో వీపు పైభాగంలోనో వెన్నుపాము దెబ్బతిన్నవాళ్లకు గాయం కింది భాగంలో చెమట సరిగా పట్టదు. ‘చెమట పట్టలేదు, ఇంకా ఓపిక ఉంది’ అని అలాంటివాళ్లు తొక్కుతూ పోతే వడదెబ్బ ఇంట్లోనే తగులుతుంది. తడిగుడ్డ, నీళ్ల స్ప్రే, పక్కన ఒక మనిషి లేకుండా వాళ్లు వేసవిలో బండెక్కకూడదు. స్పర్శ లేనివాళ్లకు తడిసిన సీటు మీద గంటలకొద్దీ కూర్చుంటే ఒత్తిడి పుండ్లు పడతాయి. ఒక్క పుండు నెలల తరబడి మంచానికి కట్టేస్తుంది. ఫిజియోథెరపిస్టుతో మాట్లాడాకే మొదలుపెట్టమనేది అందుకే.

ఇంత జాగ్రత్త పడి తొక్కితే దక్కేదేంటి? నా దృష్టిలో అసలు లాభం కండలు కాదు, అంకెలు. వినుకొండ దగ్గరి పల్లెలో ఉన్న అమ్మాయికి శిక్షకుడు దొరకడు. హైదరాబాద్‌లో ఉన్న శిక్షకుడికి ఆ అమ్మాయి కనబడదు. కానీ వాట్లు చూపే స్మార్ట్ ట్రైనర్ మీద 20 నిమిషాలు తొక్కితే వచ్చే అంకె ఫోన్‌లో క్షణంలో చేరుతుంది. గాలి, ఎత్తుపల్లాలు, గేదెల మంద... ఏవీ ఆ అంకెను తారుమారు చేయవు. స్మార్ట్ ట్రైనర్ కొనలేకపోతే? అదే గేరు, టైరులో అదే గాలి, నిమిషానికి అన్నే తొక్కుళ్లు పెట్టుకుని, దిగగానే నాడి 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణించండి. తేదీ వేసి నోటుబుక్కులో రాయండి. రెండు నెలల్లో అదే పనికి నాడి తగ్గితే మీ గుండె మెరుగైనట్టు. మిర్చి అమ్మిన రైతు తక్‌పట్టీ దాచుకున్నట్టు ఆ పుస్తకం దాచుకోండి. ‘నాకు ఆసక్తి ఉందండీ’ అని చెప్పేవాళ్లు వందమంది ఉంటారు, ఆర్నెల్ల లెక్క చూపేవాళ్లు తక్కువ.

ఇదేదో విదేశాల ముచ్చట అనుకోకండి. 2024 పారిస్ పారాలింపిక్స్‌లో భారత్ తరఫున సైక్లింగ్‌లో పోటీ పడ్డవాళ్లు ఇద్దరు: మహారాష్ట్రకు చెందిన జ్యోతి గడేరియా, మన నంద్యాల కుర్రాడు అర్షద్ షేక్. ఇద్దరూ హైదరాబాద్‌లోని ఆదిత్య మెహతా ఫౌండేషన్‌లో తయారైనవాళ్లే. ఆ సంస్థ పెట్టిన ఆదిత్య మెహతా కూడా ప్రమాదంలో కాలు పోయాక సైకిల్ ఎక్కిన మనిషి.

అయితే అర్షద్ తొక్కింది రెండు చక్రాల సైకిల్. వాలు ట్రైక్ కొనేసి పారాలింపిక్స్ కల కనేవాళ్లు ఈ తేడా తెలుసుకోవాలి. పారా సైక్లింగ్‌లో టీ1, టీ2 తరగతులకు వాడే ట్రైసైకిల్ నిటారుగా కూర్చునేది. వాలి కూర్చునేది హెచ్1 నుంచి హెచ్4 వరకు ఉన్న హ్యాండ్‌సైకిల్ తరగతుల్లో, అక్కడ పని చేతులది. హెచ్5లో మోకాళ్ల మీద కూర్చుని తొక్కుతారు. కాళ్లతో తొక్కే వాలు సైకిళ్లకు పోటీ ప్రపంచం తలుపు ఎప్పుడో మూసింది. 1933లో ఫ్రాన్సిస్ ఫోర్ అనే ఫ్రెంచ్ రైడర్ వాలు సైకిల్ మీద గంటలో 45 కిలోమీటర్లు దాటి రికార్డు బద్దలుకొడితే, మరుసటి ఏడాదే అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య ఆ తరహా సైకిళ్లను పోటీల నుంచి తప్పించింది. వేగంగా పోవడమే నేరమైంది పాపం! కాబట్టి వాలు ట్రైక్ మీ ఒంటిని తయారుచేసుకోవడానికి. పోటీకి ఏ తరగతో, ఏ బండో వర్గీకరణ చేసేవాళ్లు తేలుస్తారు.

ట్రైనర్ నేర్పనివీ ఉన్నాయి. మలుపు తిప్పడం, బ్రేకు వేయడం, గుంత తప్పించడం గోడ ముందు కూర్చుంటే రావు. వారానికి ఓ పూట, తెల్లారుజామున, సాగర్ కుడికాలువ గట్టు లాంటి లారీలు తిరగని చోట, బండికి పొడవాటి కర్ర మీద జెండా కట్టి, వెనక మోటార్‌సైకిల్ మీద తోడు పెట్టుకుని తొక్కాలి. జాతీయ రహదారి జోలికి మాత్రం వద్దు.

ఇక డబ్బు. దిగుమతి ట్రైక్ లక్షల్లో మాట. స్మార్ట్ ట్రైనర్ పదుల వేలు. పత్తికి గులాబీ పురుగు, మిర్చికి తామర పురుగు తగిలిన ఇంట్లో ఈ మాట ఎత్తడానికే నోరు రాదు, రాకూడదు కూడా. అందుకే ఇది ఇంటివాళ్లు కొనాల్సిన వస్తువు కాదంటాను. ఓ డిగ్రీ కాలేజీ జిమ్‌లోనో, జిల్లా స్టేడియంలోనో ఒక్క ట్రైనర్, ఒక్క ట్రైక్ ఉంటే రోజుకు పదిమంది వాడుకోవచ్చు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఉద్యోగాల్లో 4 శాతం, ఉన్నత విద్యలో 5 శాతం రిజర్వేషన్ ఇవ్వడంతో ఆగలేదు. క్రీడల్లో పాల్గొనే వీలు కల్పించాలని 30వ సెక్షన్‌లో విడిగా చెప్పింది. రాష్ట్ర ప్రభుత్వం 2024లో తెచ్చిన క్రీడా విధానంలో ఉద్యోగాల క్రీడా కోటాను 2 నుంచి 3 శాతానికి పెంచింది. కోటా పెరిగింది సరే, ఆ కోటాకు అర్హత తెచ్చుకునే సాధన ఎక్కడ చేయాలి? జిమ్‌కి నాలుగు మెట్లుంటాయి, ర్యాంప్ ఉండదు. ట్రెడ్‌మిల్ ఉంటుంది, దాని మీద నిలబడలేనివాడికి ఏమీ ఉండదు.

ఇందులో వైకల్యం లేనివాళ్లకూ పని ఉంది. మన చేతి ట్రైసైకిళ్లకు బజారులో దొరికే ట్రైనర్ ఏదీ సరిపోదు, వెనక రెండు చక్రాలు కాబట్టి. బండిని కదలకుండా పట్టి, తిరిగే చక్రాన్ని నేల నుంచి లేపి, దానికి బరువు పెట్టే రోలర్ ఆనించాలి. గుంటూరు ఆటోనగర్‌లో పత్తి ట్రాక్టర్ ట్రాలీలు బిగించే చేతులకు అదేం బ్రహ్మవిద్య కాదు. ఐటీఐ వెల్డర్, ఫిట్టర్, పాలిటెక్నిక్ మెకానికల్ విద్యార్థులు ప్రాజెక్టు వర్క్‌కి ఏటా అవే పాత మోడళ్లు కాపీ కొడుతున్నారు. ఇది చేయండి, పక్క ఊళ్లోనే వాడేవాళ్లున్నారు. ఇంటర్ బైపీసీవాళ్లు ఎంబీబీఎస్ సీటు రాలేదని దిగులు పడేకన్నా ఫిజియోథెరపీ, ప్రోస్థెటిక్స్ అండ్ ఆర్థోటిక్స్ వైపు చూడండి. కృత్రిమ అవయవాలు, ఊత పరికరాలు తయారుచేసే ఈ రెండో కోర్సు ఒడిశాలో కటక్ దగ్గర ఉన్న కేంద్ర ప్రభుత్వ సంస్థ స్వామి వివేకానంద జాతీయ పునరావాస సంస్థలో ఉంది, ప్రవేశ పరీక్షతో సీటు ఇస్తారు.

మీరు డిగ్రీ చదువుతున్న దివ్యాంగులైతే, కాలేజీ తెరవగానే ఒక కాగితం రాయండి. సదరం సర్టిఫికెట్ జిరాక్స్ జతచేసి, 30వ సెక్షన్ ప్రస్తావించి, జిమ్‌కి ర్యాంప్, కూర్చుని సాధన చేసే ఒక యంత్రం కావాలని ప్రిన్సిపాల్‌కి ఇవ్వండి. ఒక కాపీ జిల్లా క్రీడాధికారికి, ఇంకొకటి కలెక్టరేట్‌లో సోమవారం జరిగే గ్రీవెన్స్‌లో. రసీదు అడిగి తీసుకోండి. నోటుబుక్కు మాత్రం ఆ యంత్రం వచ్చేదాకా ఆగకుండా, చేతి బండి మీదైనా సరే, రేపే మొదలుపెట్టండి.