కత్తికిని కిరణమునకును నడుమ

ఎల్లారెడ్డి ప్రాంతమున పొగాకు నమలు కూలివాని కొకనికి నోట రాచపుండు పుట్టినదనుకొందము. హైదరాబాదున శస్త్రచికిత్స జరిగినది, కుట్లు మానినవి, రోగి యిల్లు చేరెను. గండము గడచినదని బంధువులు సంతసింతురు. గండమెల్ల నచ్చటనే పొంచియున్నది.

కత్తి కంటికి కనబడు గడ్డను తొలగించును. కనబడక మిగిలిన కణములను నశింపజేయునది కిరణచికిత్స. తొలిదశలో శస్త్రచికిత్సయే చాలవచ్చును. కాని వ్యాధి మెడగ్రంథులకు ప్రాకినను, కోసిన యంచున మిగిలినను కిరణములు తప్పవు. శస్త్రచికిత్స జరిగిన 6 వారములలోపల నవి యారంభము కావలయునని వైద్యుల నిర్ణయము. ఆలస్యమైనకొలది వ్యాధి మరల తలయెత్తును.

ఈ 6 వారములలో నెన్ని పనులు! కోసిన కండను పరీక్షించిన ఫలితము రావలయును. గాయము మానవలయును. చెడిన పండ్లను ముందే తీయవలయును. కిరణములు సోకిన పిమ్మట పెరికినచో దవడయెముక మానక చెడవచ్చును. ఇందొక్కటి జారినను గడువు జారును. శస్త్రవైద్యు డొకచోటను, కిరణవైద్యుడు వేరొకచోటను ఉన్నయెడల వారిని కలుపు భారమెవరిది? కాగితముల సంచి చంకబెట్టుకొని తిరుగు రోగి యిల్లాలిదా?

కిరణచికిత్స సాధారణముగా వారమునకు 5 దినముల చొప్పున సుమారు 6 వారములు సాగును. దారి నూరు కిలోమీటర్లకు పైబడినది. నిత్యము వచ్చిపోవుట కల్ల. 1955లో నెలకొన్న మెహదీ నవాజ్ జంగ్ కేన్సరు వైద్యశాల పేదలకు దిక్కుగా నున్నది. 2007లో పుట్టిన ఆరోగ్యశ్రీ పథకపు పరిమితిని తెలంగాణ ప్రభుత్వము 2023 డిసెంబరులో 10 లక్షల రూపాయలకు పెంచెను. శ్లాఘనీయమే. కాని ధనము చికిత్సను కొనగలదు గాని జారిన కాలమును కొనజాలదు.

మేము కోరునది స్వల్పము. కత్తి పట్టుటకు ముందే శస్త్ర, కిరణ, దంతవైద్యులు కూడి నిర్ణయింపవలయును. రోగిని ఇంటికి పంపునాడే కిరణవైద్యుని కలిసికొను తేదిని చీటిపై వ్రాసియీయవలయును. పరీక్షాఫలితము వైద్యునినుండి వైద్యునికే నేరుగా పోవలయును. ఆ తేది ఎల్లారెడ్డి ప్రభుత్వ వైద్యశాలకును తెలియవలయును. రోగి కదలనినాడు ఆశా కార్యకర్త తలుపు తట్టవలయును. నగరమున రోగికిని, తోడు వచ్చినవారికిని బస దొరకవలయును.

2016లో కామారెడ్డి జిల్లా యేర్పడినపుడు పాలన ప్రజల ముంగిటికి వచ్చినదంటిరి. ముంగిటికి వచ్చిన యా పాలన యీ 6 వారములను లెక్కింప నేర్చుగాక!