ముస్తాబు చేసే చేతులు

పెళ్లింట్లో అందరికంటే ముందు నిద్ర లేచేది ఎవరు? ఒకప్పుడైతే వంటవాళ్లు, ఆ తర్వాత సన్నాయి మేళం వాళ్లు. ఇప్పుడు వాళ్లకంటే ముందు లేచేది మేకప్ ఆర్టిస్టు. తెల్లవారుజామున నాలుగున్నరకు ముహూర్తమైతే ఒంటిగంటకే ఆమె బ్రష్షులు సర్దుకోవాలి. గౌరీపూజకు పెళ్లికూతురు పీట మీద కూర్చునే వేళకు చీర కుచ్చిళ్ల దగ్గర్నుంచి పూలజడ దాకా అన్నీ అమరిపోవాలి. కాస్త ఆలస్యమైతే పురోహితుడు ఊరుకోడు, వియ్యాలవారు అసలే ఊరుకోరు!

‘డిగ్రీ చదివిన పిల్ల, మొహాలకు రంగులేసే పని చేస్తానంటోంది. ఏం చెప్పాలో తెలీడం లేదు’ అని వాపోయే తల్లులు చాలామందే ఉన్నారు. వాళ్ల కోసమూ, ఆ పిల్లల కోసమూ ఈ వారం ఈ కబుర్లు.

తక్కువ పనేం కాదు

ముందుగా, ఇది చిన్న పని అనుకునేవాళ్లకు ఓ మాట. భరతముని నాట్యశాస్త్రం అభినయాన్ని నాలుగు విధాలుగా చెప్పింది. ఆంగికం, వాచికం, సాత్త్వికం, ఆహార్యం. ఈ ఆహార్యమే వేషం, అలంకారం. అంటే నటనలో నాలుగో వంతు ముస్తాబుదేనన్నమాట! మన వీధి భాగవతుల కాలంలో అర్దళం, కాటుక, కుంకుమలతోనే దేవుళ్లూ రాక్షసులూ తయారైపోయేవారు. సినిమా వచ్చాక ఆ విద్యే మేకప్ అయింది.

తెలుగు తెర మీద రాముడిగా, కృష్ణుడిగా ఎన్టీఆర్ రూపం జనం గుండెల్లో నిలిచిపోయిందంటే అందులో మేకప్ కళాకారుడు పీతాంబరం పాలు కూడా ఉంది. దర్శకుడు పి.వాసు ఆయన కుమారుడే. విజయశాంతికి మేకప్ వేసిన ఎ.ఎం.రత్నం 1990లో ‘కర్తవ్యం’ తీసి నిర్మాతగా నిలదొక్కుకున్నారు. ఇక 2018లో వచ్చిన ‘అ!’ సినిమాకు మేకప్ విభాగంలో జాతీయ అవార్డు దక్కింది. అందుకున్నది రంజిత్.

ఈ పేర్లలో ఒక్క ఆడపేరు కూడా లేదని గమనించారా? దాని వెనక ఓ పెద్ద కథే ఉంది.

కోర్టుకెక్కిన రంగుల పెట్టె

ముంబయి సినీ రంగంలో మేకప్ ఆర్టిస్టులకూ హెయిర్ డ్రెస్సర్లకూ ఓ సంఘం ఉంది. దాని లెక్క ప్రకారం మేకప్ కార్డు మగవాళ్లకే. ఆడవాళ్లకు ఇచ్చేది జుట్టు దువ్వే పనికి కార్డు మాత్రమే. కార్డు లేకుండా సెట్లో బ్రష్షు పట్టుకుంటే జరిమానా. ఆడవాళ్లను రానిస్తే మగవాళ్ల ఉపాధి పోతుందన్నది వాళ్ల వాదన. ఇంటింటా అద్దం ముందు గంటలు గడుపుతారని ఎవరినైతే ఎగతాళి చేస్తారో, ఆ ఆడవాళ్లకే ఆ పని చేసే హక్కు లేదనడం... ఎంత విడ్డూరం!

చారు ఖురానా కాలిఫోర్నియాలో సినిమా మేకప్ నేర్చుకుని వచ్చారు. 2009లో ఆ సంఘంలో సభ్యత్వం అడిగితే కుదరదన్నారు. ఆడమనిషి కావడం ఒక కారణం, మహారాష్ట్రలో అయిదేళ్లుగా నివాసం లేకపోవడం రెండోది. ఆమె ఊరుకోలేదు. మరికొందరు మహిళలతో కలిసి సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. 2014 నవంబరు 10న జస్టిస్ దీపక్ మిశ్రా, జస్టిస్ యు.యు.లలిత్‌ల ధర్మాసనం ఆ నిబంధనలు చెల్లవని కొట్టేసింది. నచ్చిన వృత్తి చేసుకునే హక్కు, సమానత్వపు హక్కు ఆడవాళ్లకూ ఉన్నాయని తేల్చింది. దాదాపు ఆరు దశాబ్దాలుగా పాతుకుపోయిన పద్ధతి అలా కూలిపోయింది.

అయితే తీర్పుతో తలుపు తెరుచుకుంటుందే కానీ, లోపలికి వెళ్లాక కుర్చీ ఎవరూ వేయరు. అది పనితనంతో సంపాదించుకోవాల్సిందే.

నేర్చుకునేది ఎక్కడ?

పదో తరగతి పాసైతే ఐటీఐలో ఏడాది కాస్మెటాలజీ ట్రేడ్ ఉంది. చర్మం, జుట్టు, అలంకరణ... అన్నింటికీ పునాది వేస్తారు. ఫీజు మన అందుబాటులోనే ఉంటుంది. ఇక ప్రైవేటు అకాడమీల సంగతంటారా? వారం రోజుల కోర్సు నుంచి ఆర్నెల్ల కోర్సు దాకా, వేల నుంచి లక్షల దాకా ఉంటాయి. గోడ మీద వేలాడే సినిమా తారల ఫొటోలు చూసి డబ్బు కట్టేయకండి. నాలుగు ప్రశ్నలు అడగండి. బ్యాచ్‌లో ఎంతమంది? పాఠం చెప్పేది పేరున్న ఆర్టిస్టేనా, లేక నిన్నటి విద్యార్థా? కోర్సు మొత్తంలో ఎన్ని ముఖాల మీద మన చేత్తో మేకప్ వేయిస్తారు? కిట్ ఇస్తామంటున్నారు కదా, అందులో ఉండేవేంటి? చూసి నేర్చుకునే విద్య కాదిది. చేసి నేర్చుకునేది.

సర్టిఫికెట్ చేతికొచ్చాక నేరుగా బోర్డు పెట్టేయకుండా, ఏడాదో రెండేళ్లో ఓ సీనియర్ దగ్గర సహాయకురాలిగా చేరడం మంచిది. బ్రష్షులు కడగడం, చీర పిన్నులు అందించడం, పెట్టె మోయడం... మొదట్లో ఇవే పనులు. కానీ ఏడుస్తున్న పెళ్లికూతుర్ని ఎలా ఊరడించాలి, ‘ఇంకాస్త లిప్‌స్టిక్ వెయ్యమ్మా’ అనే మేనత్తను నొప్పించకుండా ఎలా ఆపాలి అన్నది ఏ పుస్తకంలోనూ ఉండదు. సీనియర్ వెనక నిలబడి చూస్తేనే వస్తుంది.

మన పెళ్లే అసలు పరీక్ష

తెలుగు పెళ్లిని తట్టుకున్న మేకప్ దేన్నైనా తట్టుకుంటుంది! మంగళస్నానంలో రాసిన పసుపు చర్మాన్ని పట్టుకుని ఉంటుంది. అది శుభ్రంగా తీయకుండా ఫౌండేషన్ వేస్తే రంగు తేడా కొడుతుంది. నుదుట బాసికం కడతారు, దాని రాపిడికి అక్కడి మేకప్ చెదరకూడదు. నడినెత్తిన జీలకర్ర, బెల్లం పెడతారు కాబట్టి అక్కడ పెద్ద పూలగుత్తి పెట్టేస్తే వరుడి చేతికి చోటుండదు. హోమం పొగకు కళ్లు నీళ్లు కారతాయి, నీటికి చెదరని కాటుకే వాడాలి. ఇక తలంబ్రాల సంగతి చెప్పనే అక్కర్లేదు. అప్పగింతల ఏడుపు దాకా నిలిచి ఉండాలి ఆ ముస్తాబు.

కెమెరా కన్ను వేరు, మన కన్ను వేరు. అద్దంలో బ్రహ్మాండంగా కనిపించిన ముఖం ఫ్లాష్ వెలుగులో తెల్లగా పాలిపోయి కనిపించొచ్చు. కొన్ని పౌడర్లలోని సిలికా, సన్‌స్క్రీన్లలోని జింక్ ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్ వెలుతురును తిప్పికొట్టడమే అందుకు కారణం. అందుకే అనుభవం ఉన్నవాళ్లు మేకప్ పూర్తికాగానే ఫ్లాష్‌తో ఓ ఫొటో తీసి చూసుకుంటారు.

తెల్లగా చేయడం మేకప్ కాదు

‘మా అమ్మాయి కాస్త చామనఛాయ. తెల్లగా కనిపించేలా చెయ్యమ్మా’... ఈ మాట వినని మేకప్ ఆర్టిస్టు మన దగ్గర ఉండదేమో! అక్కడే అసలు పరీక్ష. రెండు షేడ్లు తెల్లటి ఫౌండేషన్ పూస్తే ముఖం ఒక రంగు, మెడ ఇంకో రంగు, చేతులు మరో రంగుగా తేలతాయి. బూడిద పూసినట్టుంటుంది. సరైన షేడ్‌ను మణికట్టు మీద కాదు, దవడ అంచున పగటి వెలుతురులో చూసుకోవాలి. చర్మంలో కలిసిపోయి కనిపించకుండా పోయిందే సరైనది.

ఓ ప్రసిద్ధ ఫెయిర్‌నెస్ క్రీమ్ 2020లో తన పేరులోంచి ‘ఫెయిర్’ అన్న మాటనే తీసేసింది. డబ్బా మీద పేరు మారింది. మన పెళ్లిచూపుల్లో మాట ఇంకా మారాలి. నల్లటి పిల్లకు ‘నీ రంగుకు నప్పేలా చేస్తాను, చూడు’ అని ధైర్యం చెప్పి, అద్దం చూపించి నవ్వించగలిగిన ఆర్టిస్టు ఆ ఇంటికి చేసే మేలు ఇంతా అంతా కాదు.

బ్రష్షు మురికైతే పేరూ మురికే

ఇది చర్మంతో పని. పొరపాటు జరిగితే కడుక్కుంటే పోయేది కాదు. కొత్త ఉత్పత్తి ఏదైనా చెవి వెనకో, మోచేతి లోపలి వైపో ముందుగా రాసి ఒకటి రెండు రోజులు ఆగి చూడాలి. పెళ్లి ముందురోజు బ్లీచ్, కొత్త ఫేషియల్ జోలికి అస్సలు పోవద్దు. ఒకరికి వాడిన కాటుక, మస్కారా బ్రష్ ఇంకొకరి కంటికి తగిలితే కళ్లకలక అంటుకోవచ్చు. లిప్‌స్టిక్‌ను నేరుగా పెదవికి రుద్దకుండా చిన్న పలకలోకి తీసుకుని బ్రష్‌తో వేయాలి. బ్రష్షులు ప్రతి పెళ్లి తర్వాతా కడిగి ఆరబెట్టాలి. తెరిచిన మస్కారాను మూడు నుంచి ఆరు నెలల్లో పారేయాల్సిందే. ‘వెయ్యి రూపాయల సరుకు, ఎలా పారేస్తాం’ అనుకుంటే అంతే సంగతులు.

మరి, చేతికొచ్చేదెంత?

‘ఒక్క పెళ్లికి పదిహేను వేలట!’ అని నోరెళ్లబెట్టే ముందు కాగితం, పెన్ను తీసుకోండి. సహాయకురాలికి రెండు వేలు, రాకపోకలకు పదిహేను వందలు, సామగ్రికి రెండున్నర వేలు, పూలకు మరో పదిహేను వందలు తీసేస్తే చేతిలో మిగిలేది ఏడున్నర వేలు. ఏడాదికి 40 పెళ్లిళ్లు దొరికాయనుకుందాం. మూడు లక్షలు. నెలకు సగటున 25 వేలు. మంచి ఆదాయమే. కానీ ప్రతి నెలా రాదు. ఆషాఢం, భాద్రపదం, పుష్యం వచ్చాయంటే పెళ్లిళ్లుండవు. గురుమూఢమో శుక్రమూఢమో వచ్చిందంటే ఇంకొన్నాళ్లు ఖాళీ. మాఘ, ఫాల్గుణాల్లో వచ్చిన డబ్బులో కొంత ఆషాఢం కోసం దాచుకోని వాళ్లు ఈ వృత్తిలో నిలవలేరు. ఖాళీ నెలల్లో సీమంతాలు, ఓణీల వేడుకలు, ఫొటో షూట్‌లు, కాలేజీ డాన్స్ పోటీలు ఆదుకుంటాయి.

కిట్ కొనడానికి నగలు తాకట్టు పెట్టక్కర్లేదు. ముద్రా పథకం శిశు విభాగంలో 50 వేల దాకా హామీ లేకుండా అప్పు అడగొచ్చు. మొదటి రోజే ఖరీదైన బ్రాండ్లన్నీ కొనేయకుండా, నాలుగైదు ఫౌండేషన్ షేడ్లు కలిపి అన్ని రంగులూ రాబట్టడం నేర్చుకుంటే సగం ఖర్చు తగ్గుతుంది. పెళ్లికూతురి అనుమతి లేనిదే ఆమె ఫొటో ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టకండి. పెట్టిన ఫొటోకు ఫిల్టర్లు వేయకండి. అవి చూసి వచ్చినవాళ్లు అద్దంలో ఆ ముఖం కనిపించక నిష్ఠూరమాడతారు.

ఇంట్లోవాళ్లకు రెండు మాటలు

రాత్రిపూట ప్రయాణాలున్న పని ఇది. పిల్లను భయపెట్టి ఆపడం కాకుండా, జాగ్రత్తలు నేర్పండి. ఎక్కడికి వెళ్తోందో చిరునామా ఇంట్లో రాసి ఉండాలి, తెలిసిన కారు ఉండాలి, సహాయకురాలు తోడుండాలి. బేరం కుదిరిన రోజే ఎంత డబ్బు, ఎంతమందికి మేకప్, ప్రయాణం ఖర్చు ఎవరిది అన్నది కాగితం మీద రాసుకుని సగం అడ్వాన్సు తీసుకోవాలి.

పెళ్లి చేసేవాళ్లకు కూడా ఓ మనవి. రాత్రంతా మేలుకుని మీ అమ్మాయిని లక్ష్మీదేవిలా తీర్చిదిద్దిన పిల్లకు భోజనం వేళ ఓ విస్తరి వేయండి. మిగతా డబ్బు ‘తర్వాత చూద్దాంలే’ అనకుండా, మండపం దాటకముందే చేతిలో పెట్టండి. వంటవాళ్లకు, సన్నాయి వాళ్లకు ఇస్తున్నారుగా... ఈమెదీ అలాంటి కష్టమే!