వాన కురిసినను తీరని కరవు



వాన కురియగానే కరవు తీరినదని స్తోత్రము చెల్లింతుము. ఉదయగిరి, ఆత్మకూరు మెట్ట గ్రామములలో కరవు అంతటితో పోదు, ఎముకలలో నిలుచును. బావులు ఎండగా లోతైన బోర్లు వేసితిమి. పెక్కు ఊళ్లలో ఆ రాతినీటిలో ఫ్లోరైడు అధికము. అది బిడ్డల పండ్లపై గారమచ్చలు పుట్టించును, ఏండ్ల తరబడి త్రాగినవారి నడుము వంచును. డబ్బుగలవాడు డబ్బానీళ్లు కొనును, కూలివాడు బోరునీళ్లే త్రాగును.

“అది వారి పాపఫలము” అనువారు మన సంఘములలోనే కలరు. అది అబద్ధము! నెల్లూరు జిల్లాలోని ఈ వ్యాధికి నీటిలోని ఫ్లోరైడే కారణమని 1937లోనే వైద్యులు వ్రాసిరి. పుట్టుగ్రుడ్డివాని విషయమై పాపమెవరిదని శిష్యులడుగగా, వానిదీ కాదు, వాని కన్నవారిదీ కాదని ప్రభువు చెప్పెను గదా?

యెరికో నీళ్లు చెడ్డవైనప్పుడు ఎలీషా ఊరివారిని నిందింపలేదు, ఊట యొద్దకు వెళ్లెను. మనమును వెళ్లుదము. నీరు కాచినను ఫ్లోరైడు పోదు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించరాదు. ఈ కోతపండుగ కానుకలో కొంత తీసి, మీ పాలెపు బోరునీటిని పరీక్ష చేయించుడి. వంగిన నడుమును మనము నిలుపలేము. బిడ్డల నడుమునైనను కాపాడుదము.