రక్తదాతను ఎందుకు తిప్పి పంపుతారు?

రక్తదానం మహాదానమని చెప్పని వక్త లేడు. ఆ మాటను గోడపై వ్రాయించని కళాశాల లేదు. అయితే దానమిచ్చుటకు ముందుకు వచ్చిన విద్యార్థిని 'నీ రక్తం పనికిరాదు' అని తిప్పి పంపే ఘట్టాన్ని గురించి మాత్రం ఎవరూ మాట్లాడరు. ఆ మాట విన్నవాడు సిగ్గుతో తల వంచుకుంటాడు, తోటివారు నవ్వుతారు, మరుసటి ఏడు అతడు శిబిరం వైపు కన్నెత్తి చూడడు. ఒక్క పరుషవాక్యంతో జీవితకాలపు దాత ఒకడు మనకు దూరమవుతున్నాడు.

తిప్పి పంపటంలో దోషం లేదు. ఆ నిర్ణయం వెనుక ఇద్దరి క్షేమం ఉన్నది. మొదటివాడు దాత. మన దేశపు నిబంధనల ప్రకారం దాతకు 18 ఏళ్ళు నిండాలి. 350 మిల్లీలీటర్ల రక్తం ఇచ్చుటకు కనీసం 45 కిలోల బరువుండాలి. 100 మిల్లీలీటర్ల రక్తంలో హిమోగ్లోబిన్ 12.5 గ్రాములకు తగ్గరాదు. ఒక రక్తబిందువును మైలుతుత్తపు ద్రావణంలో విడిచి, మునిగితే చాలునని, తేలితే తక్కువని గుర్తించటం చిరకాలంగా ఉన్న పద్ధతి. తనకే చాలని ధనాన్ని దానం చేయుమని ఏ ధర్మం చెబుతుంది? ఒకసారి ఇచ్చిన పిమ్మట పురుషులు 3 నెలలు, స్త్రీలు 4 నెలలు ఆగవలెననుటకూ కారణం ఇదే.

రెండవవాడు గ్రహీత. అతడు ప్రశ్నించలేని స్థితిలో మంచం పట్టి ఉంటాడు. మలేరియా తగ్గి 3 నెలలు, టైఫాయిడ్ తగ్గి 12 నెలలు, పచ్చబొట్టు పొడిపించుకొని 12 నెలలు గడవనివారిని ఆపేది అతని కొరకే. సేకరించిన రక్తాన్ని ఎయిడ్స్ క్రిమికి, రెండు రకాల కామెర్లకు, సవాయి రోగానికి, మలేరియాకు పరీక్షిస్తారన్నది నిజమే. కాని రోగక్రిమి ప్రవేశించిన తొలినాళ్ళలో పరీక్షకు చిక్కకపోవచ్చును. అందువల్ల దాత ఇచ్చే జవాబులోని సత్యమే తొలి పరీక్ష. 1996లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ననుసరించి 1998 జనవరి 1 నుండి రక్తవిక్రయం నిషిద్ధమైనది. ధనాశతో రోగాన్ని దాచే ప్రమాదం దానికొక ముఖ్య కారణం. మెప్పు కొరకు దాచినా ఫలితం ఒక్కటే.

మన విద్యార్థినుల విషయం ఇంకా ఆలోచింపదగినది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ళ స్త్రీలలో తెలంగాణలో నూటికి 57.6 మంది, ఆంధ్రప్రదేశ్‌లో 58.8 మంది రక్తహీనులు. ఇంట్లో అందరూ తిన్న తరువాత మిగిలినది తినే ఆడపిల్లకు తన రక్తం పలుచబడినదని తెలిసేది బహుశా ఆ శిబిరంలోనే. అటువంటి వేళ 'పక్కకు జరుగమ్మా' అని మరొకరిని పిలవటం వైద్యమనిపించుకోదు. ఆమె దానమిచ్చుటకు వచ్చి తన రోగాన్ని తెలుసుకొన్నది. ఆ సమాచారాన్ని వ్రాతపూర్వకంగా ఆమె చేతికిచ్చి, చికిత్సకు దారి చూపవలసిన బాధ్యత నిర్వాహకులది.

మన కళాశాలకు సంబంధించిన మాట మరొకటి. ఉపవాసంలో ఉన్నవారి నుండి రక్తం తీసుకోరాదని మార్గదర్శకాలు చెబుతున్నవి. ఖాళీ కడుపుతో, నీరు త్రాగక ఇచ్చినవాడు సొమ్మసిల్లే అవకాశం ఎక్కువ. రోజా ఉన్న విద్యార్థిని వద్దన్నారంటే అతని విశ్వాసాన్ని శంకించినట్లు కాదు, అతని దానాన్ని కాదన్నట్లూ కాదు. రంజాన్‌లోనూ రోగికి రక్తం కావలసిందే కనుక, ఆ మాసంలో శిబిరాలను ఇఫ్తార్ అనంతరం, భోజనమైన తరువాత ఏర్పాటు చేయటం వివేకం.

కనుక నా విన్నపం ఇది. శిబిరానికి పదిహేను రోజుల ముందే నియమాలను తెలుగు, ఉర్దూ భాషలలో నోటీసు బోర్డుపై ఉంచాలి. ప్రశ్నలు నలుగురి నడుమ కాక చాటుగా అడగాలి. వద్దన్నవారికి కారణం, మళ్ళీ రావలసిన తేదీ చీటీపై వ్రాసి ఇవ్వాలి. ఎన్ని సీసాలు నిండినవన్న లెక్కతో పాటు, తిరిగి వెళ్ళినవారిలో ఎందరు ఆరోగ్యవంతులై వచ్చినారన్న లెక్క కూడా మన వార్షిక నివేదికలో చోటు చేసుకోవాలి.

విద్యార్థులారా! రక్తం మీ వద్దనున్న అమానత్. దానిని ఇవ్వటం ఎంత గొప్పదో, ఇవ్వరాని వేళ నిజం చెప్పి ఆగటం అంతే గొప్పది.