జబ్బుపడిన కోడి: క్రొత్తగా పెంచువారి ధర్మము

కోళ్ళపెంపకము రైతుకుటుంబములకు క్రొత్త విద్య కాదు. కాని యిటీవల, ఇదివరకెన్నడును కోడిని పెంచియెరుగని యిండ్లలోకూడ పెరటికోళ్ళు కనబడుచున్నవి. రాజేంద్రనగరమందలి కోళ్ళ పరిశోధనసంస్థవారు పెరటిపెంపకమునకై తీర్చిన వనరాజ, గ్రామప్రియ జాతులపిల్లలను నాలుగైదు తెచ్చుకొని పెంచువారు మన సభ్యులలో పలువురున్నారు. ఇది సంతోషింపదగిన విషయమే. గ్రుడ్లడబ్బు చాలయిండ్లలో ఇల్లాలి చేతిడబ్బు; పిల్లలకు పలకయు పుస్తకమును వచ్చునది దానివలననే. అయితే ఇల్లలుకగానే పండుగ కాదు. పిల్లలను తెచ్చి గంపక్రింద విడుచుట యెవరైనను చేయగలరు. మొదటి కోడి జబ్బుపడినప్పుడు ఏమి చేయుదురనుటనుబట్టియే పెంపకము నిలుచుటయో పోవుటయో తేలును.

ఆ సమయమున మనవారు సాధారణముగా మూడు మార్గములలో నొకటి త్రొక్కుచున్నారు. కోడి నిలబడగలిగియుండగనే సంతకు గొనిపోయి అమ్ముట ఒకటి. చచ్చులోపల కోసుకొని తినుట రెండవది. తగ్గునో చచ్చునో చూతమని గూటిలోనే విడిచిపెట్టుట మూడవది. ఈ మూడును తప్పే యని నా యభిప్రాయము. అందు మొదటిది పొరుగువానియెడ చేసిన ద్రోహమని చెప్పుటకు నేను సంకోచింపను. దానికి కారణములు ముందు తెలిపెదను. అంతకుముందు, క్రొత్తగా పెంచువారు జబ్బును గుర్తించి చేయవలసిన పనులు చెప్పుట యవసరము.

కోడి తన జబ్బును దాచుకొను జీవము. బలహీనముగా కనబడినదానిని తక్కిన కోళ్ళు పొడిచి తరుమును గనుక, శక్తి యున్నంతవరకు అది మేతకు వచ్చినట్లే నటించును. మన కంటికి జబ్బు తెలియునప్పటికి అది తరచుగా రెండుమూడు దినముల పాతదై యుండును. కావున ప్రతిదినమును తెల్లవారి గూడు తెరచునప్పుడు, మేతకు పరుగెత్తక వెనుకబడిన కోడి యేదియో చూడవలెను. ఈకలు నిక్కించుకొని, మెడ ముడుచుకొని, కనులు మూసి కునుకుచుండుట, తురాయి రంగు మారుట, రెట్ట పలుచనగుట, పెట్టయైనచో గ్రుడ్లు మానుట: ఇవి మొదటి గురుతులు. క్రొత్తవారు కోడిని ముట్టుకొని వేడిగానున్నదని జ్వరమనుకొందురు. ఆరోగ్యముగానున్న కోడి శరీరపు వేడియే ఇంచుమించు 106, 107 డిగ్రీల ఫారన్‌హీటు. మనుష్యులకు జ్వరమైనది కోడికి స్వభావమే. కావున చేతివేడినిబట్టి మనయింటి జ్వరపుమాత్రలు దానికి వేయరాదు.

గురుతు కనబడిన వెంటనే చేయవలసిన మొదటి పని దానిని వేరుచేయుట. వేరొక గంపక్రింద, మందలోని కోళ్ళకు దూరముగా, గాలియు వెలుతురును గలిగి యెండతగులని చోట నుంచవలెను. చలికాలమున క్రింద పొడిగడ్డి పరచి గోనె కప్పవలెను. వేసవిలో నీడయు చల్లని నీరును ముఖ్యము. మేత తినకపోయినను కొంతకాలము బ్రతుకును గాని, నీరు లేనిచో త్వరలో కూలిపోవును. కొంచెము బెల్లమును చిటికెడు ఉప్పును కలిపిన నీరు దగ్గర నుంచుట మంచిది. త్రాగలేనిదానికి ముక్కు అంచున నొక్కొక్క బొట్టు తాకించి అది మ్రింగినకొలది ఇయ్యవలెను. నోరు తెరచి నీటినిగాని నూనెనుగాని గొంతులో పోయరాదు. కోడికి ఊపిరిగొట్టపు ద్వారము నాలుకకు వెంటనే వెనుక నుండును; పోసినది ఊపిరితిత్తులలోనికి పోయి, జబ్బువలన చావవలసిన పని లేకుండగనే చచ్చును. ప్రతిదినము మంచికోళ్ళకు ముందు మేతనీరు పెట్టి, తరువాతనే జబ్బుకోడి యొద్దకు పోవలెను. వచ్చినపిదప చేతులను సబ్బుతో కడుగవలెను.

తరువాత కోడిని చేతిలోనికి తీసికొని పరీక్షింపవలెను. మెడక్రింద రొమ్ముపై మేత నిలుచు తిత్తి యొకటి కలదు. రాత్రి నిండుగానున్నను తెల్లవారునప్పటికి అది ఖాళీ కావలెను. ఉదయము మేత పెట్టకముందే అది గట్టిగా ముద్దవలె నున్నచో, గడ్డిపోచలో దారములో అడ్డుపడినవని యెరుగవలెను. పెట్ట మాటిమాటికి ముక్కుచు, తోక దించుకొని నిటారుగా నిలుచున్నచో గ్రుడ్డు అడ్డుపడినదేమో చూడవలెను. గోరువెచ్చని నీటిలో క్రిందిభాగము మునుగునట్లు కొంతసేపు కూర్చుండబెట్టినచో కొన్నిమారులు గ్రుడ్డు వెలువడును. బలవంతముగా లాగరాదు. మూడునుండి ఆరువారముల పిల్లలు రక్తముతో కూడిన రెట్ట వేసినచో, తడిసిన నేలనుండి వచ్చు ప్రేగులజబ్బు అది. దానికి నీటిలో కలుపు మందు పశువైద్యశాలలో దొరకును. కాని గూటినేల పొడిచేయనిదే మరల వచ్చును. తురాయిపైనను కనులచుట్టును నల్లని పొక్కులు కట్టినచో కోడిమశూచి. దోమలవలనను వ్యాపించును. పొక్కులను గిల్లక, కనులను కాచి చల్లార్చిన నీటితో తుడిచి, మేత నీరు అందించినచో పలుకోళ్ళు కొలదివారములలో తేరుకొనును. ఇది మనుష్యులకు అంటునది కాదు.

ఇక అన్నిటికంటె భయంకరమైనది కొక్కెర తెగులు. 1926లో జావాద్వీపమునందును ఇంగ్లండులోని న్యూకాసిల్ పట్టణప్రాంతమునందును ఈ వ్యాధి గుర్తింపబడినది. మనదేశమున కుమాయూను కొండలలోని రాణీఖేతునందు బయటపడుటచేత రాణీఖేతువ్యాధియని పేరు గలిగెను. ఆకుపచ్చని నీళ్ళరెట్ట, నోరు తెరచి గురకతో ఊపిరి తీయుట, రెక్కలు కాళ్ళు చచ్చుబడుట, మెడ మెలిదిరుగుట దీని గురుతులు. టీకా లేని మందలో ప్రవేశించినచో గూడు గూడంతయు ఖాళీ యగుట గ్రామములవారందరు ఎరిగినదే. దీనిని కుదుర్చు మందు లేదు. ఉన్నదని చెప్పి పొడుములు అమ్మువారి మాట నమ్మవద్దు. మేతదుకాణములలో దొరకు ప్రతి పొడుమును ప్రతి జబ్బునకు వాడుట ధననష్టమే గాక మనుష్యులకుకూడ కీడు. అట్టి వాడుకవలన మనుష్యుల వ్యాధులకు పనిచేయవలసిన మందులు పనిచేయకుండ పోవుచున్నవనియే, కోలిస్టిన్ అను మందును కోళ్ళకును పశువులకును వాడరాదని 2019లో భారతప్రభుత్వము నిషేధించినది. వైద్యుడు ఇచ్చిన మందు వాడునప్పుడు సయితము, ఎన్నిదినములు గ్రుడ్లను తినరాదో, అమ్మరాదో అడిగి తెలిసికొనవలెను.

ఇప్పుడు సంతవిషయమునకు వచ్చెదను. జబ్బుకోడిని అమ్మువారు చెప్పు సమాధానము ఒకటి కలదు: ‘మేము బీదవారము, చచ్చిన నూరుపాళ్ళు నష్టము, అమ్మిన సగమైన దక్కును.’ ఈ మాటలోని బాధను నేను కాదనను. కాని ఆ సగమును ఎవరు ఇచ్చుచున్నారో యోచింపుడు. ఆ కోడిని కొనువాడు ధనవంతుడు కాడు. మనవలెనే మరియొక గ్రామపు బీదవాడు. వాడు దానిని తన మందలో కలుపును. కొక్కెర తెగులు విషము శరీరమున ప్రవేశించిన అయిదారుదినములకు గాని గురుతులు సాధారణముగా బయటపడవు. ఒక్కొక్కప్పుడు రెండువారములు పట్టును. కావున వాని కోళ్ళు పైకి బాగుగానున్నట్లే యుండి, మరుసటి సంతకు మరియొక గ్రామమునకు జబ్బును మోసికొనిపోవును. తిరిగి తిరిగి అది మన వీధికే వచ్చును. మనము ఒక కోడికి రాబట్టుకొన్న సగము వెల, నాలుగు గ్రామముల గూళ్ళు చెల్లించినది. దీనిని లాభమనుట యెట్లు?

కోసికొని తినుటయు క్షేమము కాదు. అనేకములైన కోళ్ళు ఒక్కసారిగా చచ్చినచో అది పక్షిజ్వరమైనను కావచ్చును. 2006లో మహారాష్ట్రములోని నవాపూరునందు ఆ వ్యాధి మనదేశమున మొదటిమారు బయటపడినది. 2025 ఫిబ్రవరిలో తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాలలోని కోళ్ళఫారములందు కనబడినది. బాగుగా ఉడికిన మాంసమున ఆ విషము నశించునను మాట నిజమే. కాని ప్రమాదము కోయునప్పుడు, ఈకలు పెరుకునప్పుడు, ఆ పని చేయు స్త్రీల చేతులకును, దగ్గరనాడుకొను పసిపిల్లలకును కలుగును. అట్టి చావులు కనబడినచో చచ్చినవానిని ముట్టక వెంటనే పశువైద్యశాలకు తెలుపవలెను. విడిగా ఒకటిరెండు చచ్చినను కాలువలోగాని దిబ్బపైగాని పారవేయరాదు. కుక్కలు తీయలేనంత లోతుగా గోయి త్రవ్వి సున్నము చల్లి పూడ్చవలెను. ఇక బ్రతుకదని వైద్యుడు చెప్పిన కోడిని దినములతరబడి బాధపడనీయక, తెలిసినవానిచేత త్వరగా ప్రాణము తీయించి పూడ్చుట దయయే గాని క్రౌర్యము కాదు.

ఇంతవరకు చెప్పినది ఒక్కొక్క ఇంటివారు చేయదగినది. కాని కొక్కెర తెగులు ఒక్కయింటి ప్రయత్నమున ఆగునది కాదు. దానికి టీకా యొక్కటే రక్షణ. పిల్లలకు మొదటివారమున కంటిలోగాని ముక్కులోగాని వేయు బొట్టుమందును, ఆరు మొదలు ఎనిమిది వారముల వయస్సున రెక్కక్రింద వేయు సూదిమందును కలవు. ఈ రెండవది చాలకాలమునుండి దేశమంతట వాడుకలో నున్నది. అయినను మన పెరటికోళ్ళలో టీకా పొందినవి ఎందుకు తక్కువ? కారణము సులభము. ఆ మందు నూరు కోళ్ళకు గాని అంతకంటె ఎక్కువకు గాని సరిపడు సీసాలలో వచ్చును. మంచుపెట్టెలో చల్లగా తేవలెను. కలిపిన రెండుగంటలలో వాడవలెను. అయిదు కోళ్ళుగల యిల్లాలు సీసా కొని తక్కిన తొంబదియైదుపాళ్ళు పారబోయగలదా? ఆమె యశ్రద్ధ యని నిందించుట అన్యాయము. ఒక్కరికి సాధ్యముకానిది పదిమంది కూడినచో సాధ్యమగు ననుటయే గదా సహకారసంఘముల పుట్టుకకు కారణము? ఎరువులకును విత్తనములకును కూడినవారము కోడికి కూడలేమా?

కావున నా సూచన యిది. ప్రతి గ్రామసంఘమును ఆరుమాసములకొక దినము టీకాదినముగా నేర్పరుపవలెను. సభ్యులు కానివారి కోళ్ళనుకూడ చేర్చవలెను. టీకా లేని ఒక్క గూడు గ్రామమంతటికిని తెగులుద్వారము. ముందురోజున దండోరా వేయించి, తెల్లవారుజామున కోళ్ళను గూళ్ళనుండి విడువకముందే వీధివెంబడి పోయి వేయించినచో పట్టుకొను శ్రమ యుండదు. ఆరోగ్యముగానున్న కోళ్ళకే వేయవలెను. ఆరువారములు నిండని పిల్లలకు సూదిమందు వేయరాదు. వ్రాతపనికి మన కార్యదర్శియు, మందు తెచ్చుటకు పశువైద్యశాలవారును ఉన్నారు. వీధికొక ఇల్లాలు టీకా వేయుట నేర్చుకొన్నచో ఇంకను మేలు. దానితోపాటు, జబ్బుకోడిని సంతకు పంపమనియు, క్రొత్తగా కొన్న కోడిని రెండు మూడు వారములు వేరుగా నుంచి గాని మందలో కలుపమనియు సభ్యులు తీర్మానము చేసికొనవలెను.

ఇట్టి తీర్మానమునకు శిక్షలు అక్కరలేదు. ఎవని పెరటిలో కోడి జబ్బుపడినను దానిని దాచక పొరుగువారికి చెప్పు అలవాటు చాలును. చెప్పినవానిని నవ్వక, నిందింపక, తక్కినవారు తమతమ గూళ్ళు చూచుకొనవలెను. రాబోవు మహాజనసభయందు ఈ విషయము చర్చకు పెట్టుడని పాలకవర్గములవారిని కోరుచున్నాను. సభకు వచ్చు పురుషులు, ఇంటిలో కోళ్ళను పెంచు స్త్రీలనుకూడ ఆ దినమున వెంటబెట్టుకొని రావలెను. వారు లేని తీర్మానము కాగితముమీదనే నిలుచును.