వేదిక మీద పదిమంది.. బల్ల కాడ ఒక్కడు

మీ ఇంట్లో ఉన్న తెలుగు పుస్తకం ఏదైనా ఒకటి తీసి మొదటి పుటలు తిరగేయండి. రచయిత పేరు, అచ్చయిన సంవత్సరం, వెల, ముఖచిత్రం వేసిన వాళ్ల పేరు అన్నీ అయిపోయాక అడుగున ఒక చిన్న మాట ఉంటుంది. 'ప్రతులకు'. దాని కింద రచయిత ఇంటి నంబరు, ఒక ఫోన్ నంబరు, ఆ తర్వాత ఒకటో రెండో పుస్తకాల దుకాణాల పేర్లు. కథలైనా, కవిత్వమైనా, మన చరిత్ర మీద వచ్చిన వ్యాసాలైనా, ఆ చోట కాచిగూడ నవోదయ బుక్ హౌస్ పేరు ఎన్నిసార్లు చదివి ఉంటామో లెక్కలేదు. కానీ ఆ చోట పేరున్న మనిషిని ఒక్క ఆవిష్కరణ సభలోనైనా వేదిక మీదికి పిలవగా ఎవరైనా చూశారా?

మన పుస్తకావిష్కరణ సభ ఎట్లా జరుగుతుందో అందరికీ తెలిసిందే. ఆహ్వాన పత్రం తెరిస్తే అధ్యక్షులు, ముఖ్య అతిథి, విశిష్ట అతిథి, గౌరవ అతిథి, ఆత్మీయ అతిథి, ఆవిష్కర్త, తొలిప్రతి స్వీకర్త, పుస్తక పరిచయం, సభా నిర్వహణ, వందన సమర్పణ. పేర్లకే కార్డు చాలదు. ఆరు గంటల సభ ఏడుకు మొదలవుతుంది. రంగు కాగితం విప్పి, అందరూ తలా ఒక ప్రతిని ఛాతీ ముందు పట్టుకొని ఫోటో దిగుతారు. ముఖ్య అతిథి మైకు అందుకొని, పుస్తకం ఇంతకుముందే చేతికి వచ్చిందని, చదివే సమయం దొరకలేదని నిజాయితీగా ఒప్పుకొని, ఆ తర్వాత ముప్పావు గంట మాట్లాడతారు. రచయితతో తన పాత దోస్తానా గురించి కొంత, తన గురించి ఎక్కువ. రచయిత వంతు వచ్చేసరికి తొమ్మిది. వెనుక వరుసలోని వాళ్లు ఆఖరి బస్సు కోసం లేస్తుంటారు. రెండు నిమిషాల్లో 'స్పందన' ముగించుమని చీటీ వస్తుంది. మూడేండ్లు కూర్చొని రాసినోడికి రెండు నిమిషాలు!

ఇదంతా జరుగుతుంటే హాలు బయట, మెట్ల పక్కన, తెల్లటి గుడ్డ పరిచిన ఒక బల్ల ఉంటుంది. దాని వెనుక ఒక మనిషి. పుస్తకాల కట్టలు స్కూటరు ముందు పెట్టుకొని వచ్చినవాడు. చిల్లర సంచి, రసీదు బుక్కు, ఈ మధ్య ఫోన్‌పే అట్ట ముక్క. లోపల వక్తల మాటలు అతనికి వినబడవు. సభ ముగిశాక జనం బల్ల దాకా వస్తారు, పుస్తకం తీసి అట్ట చూస్తారు, వెనుక వెల చూస్తారు, కింద పెట్టి 'రచయిత మనోడే, ఇస్తాడులే' అని పోతారు. వేదిక మీది పదిమందికీ ప్రతులు ఎట్లాగూ ఉచితం. హాలు కిరాయి, ఫ్లెక్సీ, శాలువాలు, చాయ్ అన్నీ రచయిత జేబులోంచే. పీఎఫ్ లోను తీసి పుస్తకం వేసిన మాస్టర్లు మనలో తక్కువ లేరు. ఆ పుస్తకాలు తర్వాత మంచం కిందికి చేరతాయి.

సభలను ఎగతాళి చేయడం మా ఉద్దేశం కాదు. ఈ నేలలో సభ విలువ మాకు తెలుసు. బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రంలో దొడ్డి కొమరయ్య హాలు, షోయబ్ హాలు, ఇటు బషీర్‌బాగ్, సోమాజిగూడ ప్రెస్ క్లబ్బులు. ఉద్యమ దినాల్లో అక్కడ జరిగిన ఆవిష్కరణల్లో పుస్తకం పేరుకే, అసలు ముచ్చట తెలంగాణ. సాయంత్రం ఆఫీసు నుంచి నేరుగా వచ్చిన ఉద్యోగి, ఓయూ హాస్టల్ నుంచి వచ్చిన విద్యార్థి అక్కడే ఒకరికొకరు ఎరుకయ్యారు. ఐదు రూపాయలకు, పది రూపాయలకు అమ్మిన చిన్న చిన్న పుస్తకాలు ఆ సభల నుంచే ఊర్లకు పోయాయి. నీళ్ల లెక్కలు, కొలువుల లెక్కలు జనం నోటికి వచ్చింది అట్లనే.

ఇంకా వెనక్కి పోతే, ఇక్కడ పుస్తకమూ సభా కవల పిల్లలు. నిజాం కాలంలో గస్తీ నిషాన్ 53 అని ఒక ఉత్తర్వు. సభ పెట్టాలంటే సర్కారు అనుమతి కావాలె. అందుకే గ్రంథాలయ వార్షికోత్సవం పేరు పెట్టి జనం కూడేవారు. 1901లో హైదరాబాద్‌లో మొదలైన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం కానీ, 1904లో హన్మకొండలో మొదలైన రాజరాజనరేంద్రాంధ్ర భాషా నిలయం కానీ పుస్తకాలు దాచిన బీరువాలు మాత్రమే కాదు, నలుగురు కూర్చొని మాట్లాడుకున్న చావడులు.

ఆ తొవ్వలో అందరికంటే ముందు యాదికి రావలసినవాడు వట్టికోట ఆళ్వారుస్వామి. హోటల్లో పనిచేశాడు, గోలకొండ పత్రికలో ప్రూఫులు దిద్దాడు, 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టాడు. ముప్పైకి పైగా పుస్తకాలు తెచ్చాడు. తెచ్చి ఊరుకోలేదు. భుజాన వేసుకొని ఊరూరా తిరిగి అమ్మాడు. ఆంధ్ర మహాసభ ఎక్కడ జరిగితే అక్కడ ఆయన పుస్తకాల మూట. ప్రచురణకర్త ఆయనే, దుకాణమూ ఆయనే, సభలో కార్యకర్తా ఆయనే, జైలుకు పోయిందీ ఆయనే. దాశరథి 'అగ్నిధార'ను అంకితమిచ్చింది ఆయనకే. 1953లో అలంపురంలో కాళోజీ 'నా గొడవ'ను శ్రీశ్రీ ఆవిష్కరించిన సంగతి మనం గొప్పగా చెప్పుకుంటాం. చెప్పుకోవలసిందే. కానీ ఆవిష్కరించిన చేయి ఎంత పెద్దదైనా, పుస్తకం పాఠకుడి ఇంటికి నడిచి పోవాలంటే ఆళ్వారుస్వామి కాళ్లు కావాలె. ఆ కాళ్లు ఇవాళ ఎవరివి?

చిన్న దుకాణందారువి. అందులోనూ వెనుక ఏ పార్టీ, ఏ కంపెనీ లేనివాడివి. పార్టీల ప్రచురణ సంస్థలకు సొంత మనుషులున్నారు, సొంత భవనాలున్నాయి. వాటి మేలు తక్కువేమీ కాదు. ఒక విచిత్రం చూడండి. పేరేమో విశాలాంధ్ర, కానీ కోఠి, ఆబిడ్స్ తిరిగిన ఉద్యమ విద్యార్థికి తెలంగాణ పుస్తకాలు దొరికింది ఆ దుకాణాల్లోనే! 2014లో రాష్ట్రం వచ్చాక ఆ సంస్థ ఇక్కడి భాగం నవచేతన అయింది. బోర్డు మీద ఏమున్నా, బల్ల మీద అన్ని పుస్తకాలూ పెట్టినవాడే పుస్తకాల మనిషి. అయితే ఒంటరి దుకాణానికి ఆ పాటి ఆసరా కూడా లేదు. కిరాయి పెరిగితే ఖాళీ చేయాలె. పక్క మడిగెలో సెల్‌ఫోన్ల షాపు ఇచ్చే అడ్వాన్సు ఇతను ఇయ్యలేడు.

అట్లాంటి ఒక జిల్లా దుకాణంలో జరిగిన కూర్చుండ చూశాం. పేరు చెప్తే ఆయన నొచ్చుకుంటాడు. పుస్తకం రెండు వారాల ముందే తెప్పించి తన గిరాకీకి ఫోన్లు చేశాడు. 'చదువుకొని రండి, ఆయన వస్తున్నడు' అని. ఆదివారం పొద్దుగూకంగ నడుమనున్న బల్లలు గోడకు జరిపి ఇరవై కుర్చీలు వేశాడు. వేదిక లేదు, శాలువా లేదు, మైకు అవసరమే లేదు. రచయిత ఒక కథ చదివాడు. తర్వాత ఒక నర్సింగ్ విద్యార్థిని లేచి, 'సార్, మూడో కథల ఆ అమ్మ ఎందుకు మాట్లాడదు? మా ఇంట్లనైతే మా అమ్మే ముందు కొట్లాడుతది' అన్నది. రచయిత చాలాసేపు జవాబు చెప్పలేకపోయాడు. చివరికి 'నేను తప్పు రాసిన్నేమో' అన్నాడు. ఏ ముఖ్య అతిథి ఆయనకు ఇంతకంటే ఎక్కువ ఇచ్చాడు? ఆ గంటన్నర అయ్యాక బల్ల కాడ గుంపు కట్టారు. కొన్నవాళ్లలో అప్పటికే ఒక ప్రతి చదివినవాళ్లు ఉన్నారు, ఇంకొకరికి ఇయ్యడానికి.

లెక్క కూడా చూద్దాం. రెండు వందల రూపాయల పుస్తకం మీద దుకాణానికి నూటికి నలభై కమీషన్ అనుకుందాం. ఎనభై. కొనేవాడికి పది శాతం తగ్గించాలె, లేకపోతే మొహం ముడుస్తాడు. మిగిలేది అరవై. ఇరవై ప్రతులు పోతే పన్నెండు వందలు. అందులో కుర్చీల కిరాయి, చాయ్, రచయిత వచ్చిపోయే బస్సు ఖర్చు, అరపూట మూతపడ్డ అమ్మకం. ఇది వ్యాపారమని ఎవరైనా అంటారా? అయినా ఎందుకు పెట్టాడని అడిగితే, ఆ ఇరవైమంది మళ్లీ వస్తారన్నాడు. ఆన్‌లైన్‌లో ముప్పై శాతం తక్కువకు పుస్తకం దొరుకుతుంది, నిజమే. కానీ ఆ తెర ఎన్నడూ మనల్ని పేరు పెట్టి పిలిచి 'నువ్వు అడిగిన పుస్తకం వచ్చింది' అనదు. తపాలా దారి కూడా ఇరుకైంది. చిన్న ప్రచురణకర్తలు ఆధారపడ్డ రిజిస్టర్డ్ బుక్‌పోస్టును 2024 డిసెంబర్‌లో ఆపేశారు. ఇక పక్క వీధి దుకాణమే దిక్కు.

దుకాణందార్లు దేవుళ్లని మేము అనడం లేదు. అమ్ముడుపోయిన పుస్తకాల పైసల కోసం రచయితలను ఏడాదుల తరబడి తిప్పుకున్న దుకాణాలున్నాయి. మాకు తెలిసిన ఒక కవి నాలుగుసార్లు పోయి, చివరికి పైసలు బదులు వేరే పుస్తకాలు తీసుకొని వచ్చాడు. లెక్క రాసి పెట్టడం, మూడు నెలలకోసారి చెప్పడం పెద్ద పని కాదు. రచయిత నమ్మకం పోగొట్టుకుంటే ఆయన ఆదివారం మీ కుర్చీలో వచ్చి కూర్చోడు.

33 జిల్లాల రాష్ట్రం మనది. ఎన్ని జిల్లా కేంద్రాల్లో ఒక కథల పుస్తకం దొరుకుతుంది? బుక్ డిపో అన్న బోర్డు ప్రతి చోటా ఉంది. లోపలికి పోతే గైడ్లు, నోటుబుక్కులు, గ్రూప్స్ మెటీరియల్. గ్రూప్స్ పరీక్షల్లో తెలంగాణ ఉద్యమం ఒక పేపరు. వట్టికోట ఆళ్వారుస్వామి నవల పేరేమిటని బిట్టు వస్తే మన పిల్లలు టక్కున 'ప్రజల మనిషి' అని గుర్తు పెడతారు. ఆ నవలను చేతపట్టి చూసినవాళ్లు ఎందరు? తప్పు పిల్లలది కాదు. వాళ్ల ఊర్లో అది అమ్మేవాడే లేడు. ఉన్నవాడిని నిలబెట్టే సోయి మనకు లేదు.

సర్కారు సంగతికి వస్తే, ఇంటి పన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ పన్ను కడుతున్నాం. 1960 నాటి చట్టం అది. మనం కట్టిన ఆ పైసలను మున్సిపాలిటీలు వసూలు చేసుకొని గ్రంథాలయ సంస్థలకు జమ చేయకుండా బకాయి పెట్టడం పాత జబ్బు. ఆ బకాయిలు కడితే లైబ్రరీలు పుస్తకాలు కొనగలవు. అదట్లుంచి, పైసా ఖర్చు లేని పని ఒకటుంది. జిల్లా గ్రంథాలయంలో హాలుంది, ఫ్యాన్లున్నాయి, కుర్చీలున్నాయి. నెలకు ఒక ఆదివారం సాయంత్రం ఆ హాలును స్థానిక పుస్తకాల దుకాణానికి, ఒక రచయితకు కిరాయి లేకుండా ఇయ్యండి. రాజకీయ నాయకుల జన్మదినాలకు దొరికే హాలు ఒక నవలకు దొరకకూడదా?

ఇక మన వంతు. 2011లో సకల జనుల సమ్మెలో 42 రోజులు నిలబడ్డ ఉద్యోగులు మీరు. జీతం సంగతి చూసుకోకుండా నిలబడ్డ ఆ చేతులకు నెలకు ఒక పుస్తకం బరువా? సంఘం డైరీలు, క్యాలెండర్లు వేస్తున్నారు. ఏటా పదవీ విరమణ సభల్లో శాలువాల మీద పెట్టే పైసలతో ఊరి రచయిత పుస్తకాలు యాభై కొని పంచినా ఒక దుకాణం ఆ నెల కిరాయి కడుతుంది. విద్యార్థి మిత్రులారా, మీ జేబు సంగతి మాకు తెలుసు. ముగ్గురు కలిసి ఒకటి కొనండి, చదివి ప్రశ్న పట్టుకొని రండి. ఆ నర్సింగ్ విద్యార్థిని పట్టుకొచ్చినట్టు.

రచయితలకు ఒకే మాట. పట్నంలో పెద్ద సభ పెట్టుకోండి, వద్దనం. కానీ రెండో కూర్చుండ మీ ఊరికి దగ్గరలోని దుకాణంలో పెట్టుకోండి. ఫ్లెక్సీకయ్యే ఖర్చు ఆ కుర్చీల కిరాయికి సరిపోతుంది. ఉచిత ప్రతి అడిగే దోస్తుకు దుకాణం దారి చూపించండి. వచ్చేసారి ఆహ్వాన పత్రం వేయించేటప్పుడు ఆత్మీయ అతిథుల్లో ఒకరిని తగ్గించి, ఆ వరుసలో బల్ల కాడి మనిషి పేరు అచ్చు వేయించండి. అయిదు నిమిషాలు మైకు కూడా ఇయ్యండి. మీ ముందటి పుస్తకం ఎవరు కొన్నారో, ఎవరు తిరిగి తెచ్చిచ్చారో, ఎందుకు తెచ్చిచ్చారో ఆ హాల్లో అతనొక్కడికే తెలుసు.