కన్సల్టెంటు బిల్లు మీద గ్రామసభ సంతకం ఏది?



మన దగ్గర రోడ్డు మాటెత్తితే చాలు, రెండు గొంతులు లేస్తాయి. "ఏ రోడ్డైనా సరే రానియ్యండి, అడ్డం మాట్లాడొద్దు. నొప్పులొచ్చిన ఆడమనిషిని డోలీ కట్టి వాగు దాటించినోడికి తెలుస్తది రోడ్డు విలువ" అనేది ఒకటి. "రోడ్డు మనకోసం రాదు, క్యాంపుల కోసం, లారీల కోసం వస్తది, మనకొద్దు" అనేది రెండోది. రెండూ మన గూడేల్లో పుట్టిన మాటలే, రెండింట్లోనూ నిజం ఉంది. కానీ మనం మనం ఇట్లా కొట్లాడుకుంటుంటే, రోడ్డు ఎటు పోవాలి, ఎవరి చెలక మీద నుంచి పోవాలి, ఏ వాగు మీద ఎంత కల్వర్టు పడాలి అని కాగితం మీద రాసే మనిషి మాత్రం హాయిగా తన పని తాను చేసుకుపోతున్నాడు. ఆయనే కన్సల్టెంటు.

కాంట్రాక్టరు మనకు తెలుసు. ఏఈ, డీఈ తెలుసు. కన్సల్టెంటు మాత్రం కనపడడు. సర్వే చేసేది, డీపీఆర్ తయారు చేసేది చాలాచోట్ల ప్రైవేటు సంస్థలే. బయటి బ్యాంకు అప్పు ఉన్న ప్రాజెక్టైతే పని నాణ్యత చూడడానికి, "సామాజిక ప్రభావం" మీద నివేదిక రాయడానికి కూడా కన్సల్టెంట్లే. మన పక్కనే చింతూరు, కూనవరం, వీఆర్ పురం మండలాలు 2014లో ఆంధ్రలో కలిశాయి కదా. ఆ రాష్ట్రానికి గ్రామీణ రోడ్ల కోసం ఆసియా మౌలిక సదుపాయాల పెట్టుబడి బ్యాంకు 2018లో 45.5 కోట్ల డాలర్ల అప్పు మంజూరు చేసింది. 250 మందికి పైగా జనం ఉండి రోడ్డు లేని సుమారు 3,300 ఆవాసాలను కలపడం దాని లక్ష్యం. ఆ బ్యాంకు నియమాల్లో మూలవాసుల కోసం ప్రత్యేకంగా ఒక ప్రమాణమే ఉంది. కాగితం మీద అంతా బాగానే ఉంటది. ఆ కాగితాన్ని మన గూడెం దాకా మోసుకురావాల్సింది మళ్ళీ కన్సల్టెంటే.

మరి ఆయన్ని ఎట్లా ఎంచుకుంటారు? పనికి షరతుల పత్రం ఒకటి రాస్తారు, టీఓఆర్ అంటారు. సంస్థల నుంచి ప్రతిపాదనలు పిలిచి నాణ్యతకు ఇన్ని మార్కులు, ధరకు ఇన్ని మార్కులు వేస్తారు. కేంద్ర ఆర్థిక నియమాలు (2017) నాణ్యతకు 80 శాతం వరకు బరువు ఇవ్వొచ్చన్నాయి. వినడానికి ఎంత బాగుంది! కానీ నాణ్యత అంటే ఏంది? కంపెనీ ఎన్నేళ్ళది, టర్నోవర్ ఎంత, ఇలాంటి పనులు ఎన్ని చేసింది, నిపుణుల డిగ్రీలేంది. సామాన్యంగా ఇవే. కోయ భాష వచ్చినోడు బృందంలో ఉన్నాడా అన్నదానికి ఎన్ని మార్కులు? కొండరెడ్ల గూడేనికి నడిచి పోయినోడు ఉన్నాడా అన్నదానికి ఎన్ని? తెలుగు కూడా సరిగా రాని మా అవ్వతో వాగు సంగతి మాట్లాడాల్సిన మనిషికి ఇంగ్లీషు నివేదికలు రాసిన అనుభవం మీద మార్కులు పడుతున్నాయి. అది నాకు అర్థం కాని నాణ్యత.

ఇక్కడ ఒక సంగతి మన యువతలో చాలామందికి తెలియదు. గ్రామ సడక్ యోజన 2000 డిసెంబర్ 25న మొదలైంది. దాని మార్గదర్శకాల్లో "ట్రాన్సెక్ట్ వాక్" అని ఒకటుంది. పేరు పెద్దది గానీ పని చిన్నదే: డీపీఆర్ రాయకముందు ఇంజినీరు, పంచాయతీ ప్రతినిధి, రెవెన్యూ మనిషి, ఊరోళ్ళు కలిసి రోడ్డు పోయే దారంతా కాళ్ళతో నడవాలి. అవసరమైతే ఫారెస్టోళ్ళను కూడా పిలవాలి. భూమి ఎవరిది, చెట్లు ఎన్ని పోతాయి, నీళ్ళు ఎటు పోతాయి అనేది అక్కడికక్కడే మాట్లాడి, జనం చెప్పింది రాసి, ఫొటో పెట్టి డీపీఆర్‌కు జత చేయాలి. ఇది దయ కాదు, షరతు.

ఇప్పుడు మీ ఊరి సంగతి చెప్పండి. ఎండాకాలంలో ఇద్దరు కుర్రాళ్ళు బండి మీద వచ్చి, చేతిలో జీపీఎస్ పట్టుకుని, కిరాణా కొట్టు దగ్గర "ఈ దారి ఎటు పోతది" అని అడిగి, కొట్టు ముందు కూర్చున్న ఏడుగురిని నిలబెట్టి ఫొటో తీసుకుని పోలేదా? అదే మీ ట్రాన్సెక్ట్ వాక్. ఆ ఏడుగురిలో ఒక్క ఆడమనిషి ఉందా చూడండి. తునికాకు మోపు, కట్టెల మోపు నెత్తిన పెట్టుకుని ఏడాది పొడుగునా ఆ దారెంట నడిచేది ఆడోళ్ళు. వాళ్ళకు తెలిసినంత దారి ఏ ఉపగ్రహానికి తెలుస్తది? (ఆ కుర్రాళ్ళ మీద నాకు కోపం లేదు. వాళ్ళూ రోజుకు ఇన్ని కిలోమీటర్లని లెక్క చెప్పాల్సిన చిన్న జీతగాళ్ళే.)

మార్చిలో వచ్చి చూసినోడికి మన వాగు ఇసుక చారలా కనిపిస్తది. 2022 జూలై 16న భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరింది. మూడో ప్రమాద హెచ్చరికే 53 అడుగులు. గోదావరి అంత లేస్తే తాలిపేరు, కిన్నెరసాని లాంటివి కిందికి దిగలేవు, నీళ్ళు ఎనక్కి తంతాయి. ఎగువన మన ఊళ్ళ వాగులు ఎక్కడెక్కడ పొంగుతాయో, ఏ చెట్టు మొదలు దాకా నీళ్ళొస్తాయో ఊరి పెద్దలను అడిగితే చెయ్యెత్తి చూపిస్తారు. అడగరు. అందుకే మన దగ్గర కల్వర్టు ఒకచోట, వాగు ఇంకోచోట ఉంటాయి. రెండేళ్ళకు రోడ్డు తెగితే "ప్రకృతి వైపరీత్యం" అని రాస్తారు.

ఇక అడవి భూమి సంగతి. "రోడ్డు శాంక్షన్ అయింది గానీ ఫారెస్టు క్లియరెన్స్ రాలేదు" అనే మాట వినని గూడెం మన ఏజెన్సీలో ఉందా? అటవీ హక్కుల చట్టం, 2006లోని 3(2) సెక్షన్ చదవండి. బడి, దవాఖానా, అంగన్‌వాడీ, తాగునీరు, రోడ్డు ఇట్లా 13 రకాల పనులకు అడవి భూమి ఇవ్వొచ్చు. 1980 అటవీ సంరక్షణ చట్టం కింద పెద్ద అనుమతి అక్కర్లేదు. షరతులు: ఒక్కో పనికి హెక్టారు లోపు, హెక్టారుకు 75 చెట్లకు మించకుండా, గ్రామసభ సిఫారసుతో. అంటే గ్రామసభ రోడ్డుకు అడ్డం కాదు, చిన్న రోడ్డుకు అదే దగ్గరి దారి! కన్సల్టెంటు మొదటి రోజే గ్రామసభకు వచ్చి ఉంటే తీర్మానం చేతిలో పట్టుకుని డీఎఫ్ఓ దగ్గరికి పోయేవాడు. రాడు. డీపీఆర్ పై దాకా పోయి, టెండర్ అయి, మట్టి పని మొదలయ్యాక ఫారెస్టోళ్ళు వచ్చి జేసీబీ ఆపుతారు. అప్పుడు తప్పు ఎవరిదట? "గిరిజనులు, ఫారెస్టోళ్ళు పడనివ్వడం లేదు" అట.

ఒక హెక్టారు ఎంతో కూడా లెక్కేసుకోండి. కట్టతో కలిపి ఏడున్నర మీటర్ల వెడల్పు అయితే 1,333 మీటర్లు. ఆరు మీటర్లయితే 1,666 మీటర్లు. అంటే అడవిలో కిలోమీటరున్నరకు అటూ ఇటూ. అంతకన్నా పొడవైతే పెద్ద అనుమతికి పోవాలి, అక్కడుంది అసలు మెలిక. రోడ్లు, కాలువలు లాంటి పొడవాటి పనులకు గ్రామసభ సమ్మతి అక్కర్లేదని 2013 ఫిబ్రవరి 5న కేంద్ర పర్యావరణ శాఖ ఒక సర్క్యులర్ ఇచ్చింది. కొండరెడ్ల లాంటి ఆదిమ తెగల హక్కులు దెబ్బతినే చోట మాత్రం ఆ మినహాయింపు లేదంది. చిన్న రోడ్డుకు గ్రామసభ కావాలట, పెద్ద రోడ్డుకు వద్దట! ఎవరి లారీల కోసమో మీరే చెప్పండి.

భూమి విషయంలో ఇంకా ఘోరం. సడక్ యోజనలో భూమి కొనడానికి పైసా ఉండదు. అందుకని "నేను నా భూమిని రోడ్డుకు స్వచ్ఛందంగా ఇస్తున్నాను" అనే కాగితం మీద వేలిముద్ర తీసుకుంటారు. ఎవరు తీసుకుంటారు? తరచుగా సర్వే బృందమే. తెలంగాణలో 2023 జూన్ 30 నుంచి పోడు పట్టాలు పంచారు కదా, అవి అటవీ హక్కుల చట్టం పట్టాలు. ఆ చట్టం 4(4) ప్రకారం ఆ హక్కు వారసులకు వస్తది గానీ అమ్మడానికి, బదిలీ చేయడానికి వీల్లేదు. వీల్లేని భూమికి దానపత్రం ఎట్లా రాయిస్తారు? పట్టా రాని పోడు రైతు సంగతి ఇంకా అన్యాయం. ఆయన దగ్గర కాగితమే లేదు కాబట్టి ఆయన చెలక లెక్కలో "ఖాళీ అటవీ భూమి". తరాలుగా జొన్న, కంది పండిన నేల నివేదికలో ఖాళీ.

ఏ రోడ్డు వేయాలో ఎవరు నిర్ణయిస్తున్నారో కూడా చూడాలి. తీవ్రవాద ప్రభావిత ప్రాంతాల రోడ్ల పథకం 2016లో వచ్చింది, అందులో పాత ఖమ్మం జిల్లా కూడా ఉంది. ఆ రోడ్ల జాబితా ఖరారు చేసేది కేంద్ర హోంశాఖ. భద్రతా బలగాలకు పనికొచ్చే రోడ్డు జనానికి పనికిరాదని నేను అనను, అంబులెన్సు కూడా దాని మీదే వస్తది. కానీ రెండు గూడేల మధ్య సంతకు పోయే దారికీ, క్యాంపు నుంచి క్యాంపుకు పోయే దారికీ తేడా ఉంది. ఆ తేడా చెప్పగలిగేది గ్రామసభ ఒక్కటే, దాన్ని అడిగినోడు లేడు. 2024 సెప్టెంబర్‌లో ఆమోదించిన నాలుగో దశ సడక్ యోజన రూ. 70,125 కోట్లతో 25,000 ఆవాసాలకు రోడ్లేస్తామంటోంది. తీవ్రవాద ప్రభావిత జిల్లాల్లో 100 మంది ఉన్నా చాలట. మంచిదే. కానీ లెక్క 2011 జనాభాది. సల్వాజుడుం నాడు ఛత్తీస్‌గఢ్ నుంచి పారిపోయి వచ్చి చెట్టు కింద గుంపు కట్టుకున్న గుత్తికోయ అన్నదమ్ములు ఆ లెక్కలో ఎంతమంది దొరుకుతారు? పేరు లేని గుంపుకు రోడ్డు ఉండదు. ఆ గుంపు పేరు రాయించడం సర్వే చేసేవాడి మొదటి పని కావాలి, టీఓఆర్‌లో ఆ ముక్క ఉండాలి.

"మీరు చదువుకున్నోళ్ళు, కన్సల్టెంటే వద్దంటారా" అని ఒక పెద్దాయన అడిగాడు. వద్దనడం లేదు. వంతెన లెక్కలు తెలిసినోడు కావాలి. కానీ జీతం ఇచ్చే పత్రంలో మన మాట ఉండాలి. సివిల్ డిప్లొమా చేసి హైదరాబాద్‌లో డెలివరీ బండ్లు తోలుతున్న మన పిల్లలు సర్వే బృందంలో ఎందుకు లేరు? ఏజెన్సీ టీచర్ పోస్టులు నూటికి నూరు స్థానిక ఆదివాసీలకే అన్న జీవో 3ని సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్ 22న కొట్టేసింది. ఆ దెబ్బ నుంచి మనం ఇంకా లేవలేదు. కానీ స్థానిక భాష వచ్చినోళ్ళు ఇంతమంది ఉండాలని పనికి షరతు పెట్టడం ఉద్యోగ రిజర్వేషన్ కాదు, పని బాగా జరగడానికి అర్హత.

అన్నిటికంటే ముఖ్యమైన డిమాండ్ ఒకటే. డీపీఆర్‌కు చెల్లించే చివరి వాయిదా గ్రామసభ ధ్రువీకరణ లేకుండా విడుదల కావద్దు. తెలుగులో రాసి, కోయలో చదివి వినిపించి, "మేం ఈ దారెంట నడిచాం, ఇవి మా మాటలే" అని సభ తీర్మానం చేస్తేనే డబ్బు. ఇదేదో కొత్త విడ్డూరం కాదు. పీసా చట్టం, 1996 ప్రకారం పంచాయతీ తన పనులకు గ్రామసభ ఆమోదం తీసుకోవాలి, ఖర్చయిన డబ్బుకు ధ్రువీకరణ కూడా తీసుకోవాలి. "అది పంచాయతీ ఖర్చుకే, ఇంజినీరింగ్ శాఖకు కాదు" అని వెంటనే అంటారు, నాకు తెలుసు. అక్షరం చూస్తే అంతే. అందుకే టీఓఆర్‌లో రాయమంటున్నాం. షరతు రాసుకోవడానికి ఏ చట్టమూ అడ్డం లేదు. ఒడిశాలో 2013లో సుప్రీంకోర్టు చెప్పినందుకు 12 పల్లెసభలు నియమగిరి గనుల మీద తీర్పు చెప్పాయి. ఒక కొండ సంగతి తేల్చగలిగిన సభ మూడు కిలోమీటర్ల రోడ్డు సంగతి తేల్చలేదా?

ఇంకోటి, సభ అంటే పంచాయతీ కేంద్రంలో పెట్టే సభ కాదు. పీసా చట్టంలో ఊరు అంటే గూడెం, గుంపు కూడా. మీ గుంపు కూర్చుంటే అదే సభ.

ఇప్పుడు మీ మండలంలో మంజూరైన రోడ్డు ఒకటి పట్టుకోండి. పొడవు, ఖర్చు, తనిఖీకి వచ్చినోళ్ళు ఇచ్చిన గ్రేడు సడక్ యోజన ఓమాస్ సైటులో ఉంటాయి, ఫోన్‌లోనే చూడొచ్చు. తర్వాత సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. కన్సల్టెంటు టీఓఆర్, ట్రాన్సెక్ట్ వాక్ రికార్డు ఫొటోలతో సహా, భూమి ఇచ్చినట్టు తీసుకున్న కాగితాలు, ఇప్పటిదాకా చెల్లించిన బిల్లులు అడగండి. పేదరికపు రేఖకు దిగువ కుటుంబమైతే ఫీజు లేదు. ముప్పై రోజుల్లో జవాబు రావాలి. ఆ ఫొటోలు రాగానే గూడెంలో రచ్చ దగ్గర అందరికీ చూపించి, అందులో ఉన్నోళ్ళను పేరు పేరునా అడగండి: ఆ రోజు మీరు ఎంత దూరం నడిచారు? వాళ్ళు చెప్పింది రాసి, సంతకాలు పెట్టించి, ఐటీడీఏ పీఓకు ఒకటి, డీఎఫ్ఓకు ఒకటి, మాకు ఒకటి పంపండి.